వచ్చే ఏడాది మొదటి వంతు

పాత ఆఫీసువాళ్ళ వాట్సాప్ గ్రూపులో మొన్న పొద్దున ఆయన పోయాడన్న కబురు వచ్చింది. చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. ఆ వెనకే ఎవరో "గొప్ప దూరదృష్టి ఉన్న మనిషి" అని రాశారు. దాని కింద ఇంకొందరు "నిజం, నిజం" అన్నారు. అలా అన్నవాళ్ళలో ఇద్దరిని ఆయన ఒకప్పుడు వేరే టీములకు ఇచ్చేశాడు. నన్నూ ఇచ్చేశాడు. అందుచేత ఆ దూరదృష్టి గురించి నాలుగు మాటలు చెప్పే అర్హత నాకుందనుకుంటాను. అది ఉన్న మాట వాస్తవం. ఆయనకు లేనిది దగ్గరి చూపు.

పేరు రాయను. నేను రోజూ డైరీ రాసేవాణ్ణి. అందులో కూడా ఆయన్ని "వంతులాయన" అనే రాసుకున్నాను. ఇక్కడా అదే చాలు.

వంతులంటే ఏమిటో ముందు చెప్పాలి. మా డిపార్టుమెంటు పెద్ద ఒక ఆస్ట్రేలియా దేశస్థుడు. చాటున మేం తెలుగువాళ్ళం ఆయన్ని దొర అనేవాళ్ళం, ఎదురుగా పేరు పెట్టి పిలిచేవాళ్ళం. ఆయనకు వాళ్ళ దేశపు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదది. కోడిగుడ్డు ఆకారంలో బంతి, కోడిగుడ్డు ఆకారంలోనే మైదానం. చేతుల్లేని బనీన్లు వేసుకున్న పొడుగాటి మనుషులు జట్టుకు పద్ధెనిమిదిమంది, ఒకరి భుజాల మీదికి ఒకరు ఎగిరి మరీ బంతి పట్టుకుంటారు. దొర తెప్పించిన వీడియో క్యాసెట్లు మీటింగు గదిలో ఎన్ని చూసినా ఆట నాకు అర్థం కాలేదు. ఆట అయ్యాక జరిగే తంతు మాత్రం బాగా అర్థమైంది.

సీజను ముగిశాక ఆ దేశపు క్లబ్బులు కొత్త కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకుంటాయి. మనం చిన్నప్పుడు బిళ్ళంగోడు ఆటకు జట్లు పంచుకున్నట్టే. ఆ ఏడాది అందరికంటే అడుగున ఉన్న క్లబ్బుకు మొదటి వంతు, గెలిచిన క్లబ్బుకు ఆఖరి వంతు. వంతు వచ్చినవాడు ఒక కుర్రాణ్ణి తీసుకోవచ్చు. లేదా ఆ వంతునే ఇంకో క్లబ్బుకు ఇచ్చేసి, వాళ్ళ దగ్గర ఆడి ఆరితేరినవాణ్ణి బదులుగా తెచ్చుకోవచ్చు. వంతు ఇచ్చేయాలా, ఉంచుకోవాలా అని అక్కడ ఏటా కొట్టుకుంటారట. దొర క్లబ్బు ఒకసారి మంచి వంతు ఒకటి ఇచ్చేసి పేరుమోసిన ఆటగాణ్ణి తెచ్చుకుంది. ఆ మహానుభావుడు సీజనంతా మోకాలు పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. దొర ఆ సంగతి ఎత్తినప్పుడల్లా మాగాణి అమ్ముకున్న రైతులా మొహం పెట్టేవాడు.

ఆ పద్ధతిని దొర సింగపూర్‌లో పాయా లేబర్ అనే పేటలో ఉన్న మా ఆఫీసుకు తెచ్చాడు.

అవి కంప్యూటర్లకు రెండు వేల సంవత్సరం గండం అని లోకమంతా భయపడుతున్న రోజులు. కంప్యూటరు తెలిసినవాడికి విమానం టికెట్టు ముందు, ఇంటర్వ్యూ తర్వాత. నేను హైదరాబాదులో ఒక ప్రభుత్వ సంస్థలో పాత పెద్ద కంప్యూటర్ల మీద పని చేసి, యాభై దగ్గర పడుతుండగా సింగపూర్ వచ్చాను. మా డిపార్టుమెంటులో నాలుగు టీములు, నలుగురు లీడర్లు. ఏటా ఒక కొత్త బ్యాచ్ వచ్చేది, సగం హైదరాబాదు నుంచి, సగం ఇక్కడి యూనివర్సిటీల నుంచి. ఏడాది చివర పని లెక్క చూసి, వెనకబడిన టీముకు కొత్తవాళ్ళలోంచి ఎంచుకునే మొదటి వంతు ఇచ్చేవాడు దొర. ఎంపికైనవాళ్ళకు అందరి ముందూ ఎర్రచారల చేతుల్లేని బనీను తొడిగి చప్పట్లు కొట్టించేవాడు. ఆఫీసు భాషలో పిక్‌లనే ఈ వంతులను లీడర్లు తమలో తాము మార్చుకోవచ్చు. వంతుకు బదులు మనిషిని ఇచ్చుకోవచ్చు.

మమ్మల్నిలా ఎడ్లసంతకు తోలినందుకు మాకు సిగ్గేయాలి. వేయలేదు. ఎవరు ఎన్నో వంతుకు పలికారో ప్యాంట్రీలో కాఫీ కలుపుకుంటూ గొప్పగా చెప్పుకునేవాళ్ళం. రెండో వంతుకు పలికినవాడు నాలుగో వంతువాడితో సరిగా మాట్లాడేవాడు కాదు.

ఆ నలుగురు లీడర్లలో మన వంతులాయన ఒకడు. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. నన్ను "మాస్టారూ" అనేవాడు. గుంటూరు వైపు మనిషి. సన్నగా, చొక్కా జేబులో రెండు పెన్నులతో ఉండేవాడు. రాసేది ఒకటి, మూత తియ్యనిది ఒకటి. "వచ్చే ఏడాది" అన్నప్పుడల్లా కుడిచేతి చూపుడువేలు గాలిలో ముందుకు తిప్పేవాడు, చేద బావి గిలకలా. ఆ వేలు తిరుగుతుంటే ఎదుటివాడికి కూడా ఏదో పైకి వస్తున్నట్టే అనిపించేది.

ఆయనా నేనూ ఊరికి పడమటి కొసనున్న బూన్ లేలోనే ఉండేవాళ్ళం. అప్పట్లో రైలు అక్కడితో ఆఖరు. ఖాళీ రైలు వచ్చి తలుపులు తెరిచి నిలబడేది. నేను ఎక్కబోతే ఆయన నా మోచెయ్యి పట్టుకునేవాడు.

"ఆగండి మాస్టారూ. తర్వాతది ఇంకా ఖాళీగా ఉంటది."

"ఇందులో మనిషే లేడు కదయ్యా! ఇంతకంటే ఖాళీ ఎలా ఉంటుంది?"

"మూల సీటు చూడండి, ఆయనెవరో కూర్చున్నాడు. ఆ సీటైతే ఒరగడానికి బాగుంటది."

ఆ మూల సీటు కోసం రెండు రైళ్ళు వదిలి, ఈలోగా జనం పోగై మూడోది కిక్కిరిసిపోతే, పాయా లేబర్ దాకా ఆ దూరమంతా కడ్డీ పట్టుకుని వేలాడుతూ వెళ్ళిన రోజులు నాకు బాగా గుర్తు. వేలాడుతూ కూడా ఆయన మొహంలో పశ్చాత్తాపం కనిపించేది కాదు. "రేపు ఐదు నిమిషాలు ముందొద్దాం" అనేవాడు.

వరసగా తిండి అంగళ్ళుండే హాకర్ సెంటర్లో తినడానికి వెళితే ఇంకో వేడుక. ఇక్కడ బల్ల పట్టుకోవాలంటే దాని మీద ఓ టిష్యూ ప్యాకెట్టు పడేసి వెళ్ళి తిండి తెచ్చుకుంటారు. చోప్ చేయడం అంటారు దాన్ని. ఈయన ఒక బల్ల చోప్ చేసి, నాలుగడుగులు వేశాక ఫ్యాను కింద ఇంకో బల్ల చూసి దాన్నీ చేసి, తిరిగొస్తూ గోడవార మూడోది కూడా చేసేవాడు. ఆ తర్వాత పళ్ళెం పట్టుకుని మూడింటి మధ్యా నిలబడి ఆలోచించేవాడు. ఓసారి ఒక చైనా తాత ఆయన టిష్యూ ప్యాకెట్టు తీసి మూతి తుడుచుకుని, అక్కడే కూర్చుని నూడుల్స్ తిన్నాడు. మూడు బల్లలు పట్టి నిలబడి తిన్న మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

ఇంట్లోనూ అంతే. మామిడిపళ్ళ కాలంలో టెక్కా మార్కెట్ నుంచి బుట్ట తెచ్చి మంచం కింద మాగబెట్టేవాడు. రోజూ తీసి బొడిమ దగ్గర వాసన చూసి "ఇంకా ఒక్క రోజు" అని లోపల పెట్టేవాడు. ఇక్కడి బడిలో చదివే కూతురు, ఇక్కడివాళ్ళలాగే మాట చివర లా తగిలించి, "డాడీ, జస్ట్ ఈట్ లా!" అని మొత్తుకునేది. నేను వెళ్ళినప్పుడు ఆయన భార్య మంచినీళ్ళు ఇస్తూ అంది, "మా ఇంట్లో మామిడిపళ్ళు రెండు రకాలండీ అన్నయ్యగారూ. పచ్చివి, కుళ్ళినవి."

ఇలాంటి మనిషికి దొర వంతులాట దొరికింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు అనలేను. కోతి కనీసం పగలగొట్టుకునేందుకు చూస్తుంది.

అసలు ఆటలో అప్పటికి ఏ ఏడాది వంతులు ఆ ఏడాదే మార్చుకునేవారు. రాబోయే ఏడాది వంతులు కూడా ఇప్పుడే మార్చుకోనివ్వాలని దొరకు నూరిపోసింది ఈయనే. చాలా ఏళ్ళ తర్వాత ఆ దేశంలోనూ అలాంటి రూలు వచ్చిందని విన్నాను. దూరదృష్టి అన్న మాటకు నేను నోరెత్తకుండా ఒప్పుకునేది ఈ ఒక్కచోటే.

రూలు మారిన వారంలోనే రైల్లో నాతో అన్నాడు.

"మాస్టారూ, మిమ్మల్ని ఇచ్చేశాను."

"ఎవరికి?"

"మేడమ్‌కి." మేడమ్ అంటే రెండో టీము లీడరు, చైనీసావిడ. "వచ్చే ఏడాది తన ఫస్ట్ పిక్ నాకిచ్చేటట్టు. మంచి బేరం."

"నాకా, నీకా?"

"మీరు మనసులో పెట్టుకోకండి. మీరు పూర్తయిన మనిషి. మీలో ఇంక పెరిగేదేముంది చెప్పండి?"

మా అమ్మ కూడా నన్ను అంత మాట అనలేదు. మర్నాడు కొత్త సీటుకు వెళితే మేడమ్ లేచి చెయ్యి కలిపింది. "వెల్‌కమ్ అంకుల్! యూ కమ్ విత్ ప్రింటర్, వెరీ గుడ్ లా." అప్పుడు తెలిసింది, నేనొక్కణ్ణే మొదటి వంతుకు సరిపోలేదని. మా మూలనున్న లేజర్ ప్రింటరు కూడా కలిపితేనే ఆవిడ ఒప్పుకుందట. లేకపోతే రెండో వంతే ఇస్తానందట.

నా తర్వాత డేటాబేస్ పని తెలిసిన నెల్లూరు అతను పోయాడు. ఆ తర్వాత బ్యాంకువాళ్ళతో మాట్లాడగలిగిన మలయాళీ అమ్మాయి. మనుషులు తగ్గేకొద్దీ ఆయన టీము పని వెనకబడేది. పని వెనకబడితే ఏడాది చివర అడుగున నిలిచేది. అడుగున నిలిస్తే సొంతంగా మొదటి వంతు వచ్చేది. ఓడిపోయినకొద్దీ ఆస్తి పెరిగే ఏర్పాటు అది. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడు అందరికంటే ముందు ఎంచుకునే హక్కు ఆయనదే. కాని బయోడేటాలన్నీ తిరగేసి పెదవి విరిచేవాడు.

"ఈ బ్యాచ్ పలచన మాస్టారూ. వచ్చే ఏడాది బ్యాచ్ చూడండి."

ఆ వంతును కూడా ఎవరికో ఇచ్చేసి వచ్చే ఏడాదివి రెండు తీసుకునేవాడు.

ఒక మధ్యాహ్నం తింటూ అడిగాను. "మార్చిలో బ్యాంకుకు పని అప్పజెప్పాలి గదా. వచ్చే ఏడాది రాబోయే కుర్రాడు వచ్చి ఈ మార్చిలో చేసిపెడతాడా?"

"మీరు మార్చిని చూస్తున్నారు. నేను ఆ తర్వాత మార్చిని చూస్తున్నాను."

"మరి ముందొచ్చే మార్చిని ఎవరు చూస్తారయ్యా?"

"అది దొర చూసుకుంటాడు లెండి." పరోటా ముక్క చేతిలో పట్టుకునే నా వైపు వంగాడు. "ఒకటి చెప్తా వినండి. మనిషన్నాక మోకాలుంటది. షుగరుంటది. పెళ్ళాం ఊరెళ్దామని పోరు పెడతది. పిక్‌కి ఇవేవీ ఉండవు మాస్టారూ. మనం వాడనంతకాలం అది ఒక్క తప్పు కూడా చెయ్యదు."

ఆ మాటలో నిజం లేకపోలేదు. ఆరితేరినవాళ్ళను కొనుక్కుంటూ పోయిన క్లబ్బులు ఒక్క ఏడాది మెరిసి మూలపడ్డ కథలు దొర బోలెడు చెప్పాడు. వంతులు ఉంచుకోవడంలో తెలివి ఉంది. అయితే ఉంచుకున్నది ఏదో ఒకరోజు కుర్రాడై మైదానంలోకి దిగాలి. ఈయన దగ్గర వంతు పుట్టి, పెరిగి, ఇంకో వంతునే కనేది.

అలాగని ఆయన్నొక్కణ్ణే ఆడిపోసుకోవడం కూడా సరికాదు. ఊరంతా అదే పాట. పైసా సంపాదించని కంపెనీలు రేపు సంపాదిస్తాయన్న పేరు మీద అద్దాల మేడల్లో అద్దెకు దిగుతున్నాయి. చేసేవాడి కంటే చేయబోయేవాడికి విలువ ఎక్కువ. అలాంటి చోట మా వంతులాయన పిచ్చివాడు కాడు, మేధావి. దొర ఆయన్ని మెల్‌బోర్న్ నుంచి వచ్చిన పెద్దలకు పరిచయం చేస్తూ "మా భవిష్యత్తంతా ఈయన చేతిలో ఉంది" అన్నాడు. అక్షరాలా నిజం. వర్తమానం మాత్రం మా మిగతా మూడు టీముల చేతిలో ఉంది, మేం ఆదివారాలు కూడా వచ్చి చేస్తున్నాం.

చివరికి ఆయన మూల చూస్తే పెళ్ళివారు వెళ్ళిపోయిన విడిదిలా ఉండేది. ఖాళీ కుర్చీలు, ప్లాస్టిక్ ముసుగులేసిన కంప్యూటర్లు. ఓసారి మా టీములో కుర్చీ విరిగి అక్కడిదొకటి లాక్కోబోతే అడ్డం వచ్చాడు. "అది సెకండ్ పిక్ కుర్చీ మాస్టారూ, ముట్టుకోకండి." మనుషులంటూ మిగిలింది ఇద్దరు. ఒకడు ఎవరికీ అక్కర్లేక మిగిలినవాడు. రెండోది కరీంనగర్ నుంచి వచ్చిన అమ్మాయి. కిందటి బ్యాచ్‌లో ఎవరూ ఎంచుకోకపోతే అందరికంటే చివర ఆయన టీములో వేశారు. తలవంచుకుని ప్రోగ్రాములు పరీక్ష చేస్తూ కూర్చునేది. ఎదుటివాడి తప్పు పట్టడంలో మా ఆవిడ తర్వాత ఆ పిల్లనే చెప్పుకోవాలి.

ఒకరోజు ఉండబట్టలేక చెప్పాను. "నీకిచ్చిన వర్క్ పాస్ టీము లీడరని ఇచ్చింది. టీమంటూ లేకపోతే లీడరెందుకని ఎవరైనా అడిగితే ఏం చెప్తావు? పాస్ పోతే నెల తిరక్కుండా దేశం విడవాలి. ఇల్లూ, పిల్ల చదువూ ఏం చేస్తావు?"

"వచ్చే ఏడాది నావి ఎన్ని పిక్‌లో తెలుసా మాస్టారూ? మొదటి నాలుగూ నావే." వేలు గిరగిరా తిరిగింది. "ఆఫీసు చరిత్రలో ఎవరికీ లేవు."

వచ్చే ఏడాది వచ్చింది. బ్యాచ్ రాలేదు.

రెండు వేల గండం గడిచిపోయింది. కంప్యూటర్లేవీ పేలలేదు. ఆ తర్వాత అమెరికాలో కంపెనీలు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. మా పనులు కూడా ఒక్కొక్కటే ఆగిపోయాయి. దొర అందరినీ పిలిచి, ఈ ఏడాది కొత్తవాళ్ళను తీసుకోవడం లేదన్నాడు. వంతులాయన చెయ్యెత్తాడు.

"మరి నా పిక్‌లు? క్యారీ ఫార్వర్డ్ అవుతాయా?"

మేడమ్ నవ్వాపుకోలేకపోయింది. "అయ్యో! నో బ్యాచ్, క్యారీ టు వేర్ లా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దొర నవ్వలేదు. ఆయనకు ఆట కంటే ఆట రూలు ముఖ్యం. "నీ వంతు నీదే. మనిషిని ఎంచుకునే అవసరం ఎప్పుడొచ్చినా మొదటి మాట నీది" అన్నాడు.

ఆ అవసరం నెలలోపే వచ్చింది. నాలుగు టీములు రెండు చేశారు. వంతులాయన టీము మొట్టమొదట ఎగిరిపోయింది, ఎగరగొట్టడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు కనుక. పాతవాణ్ణి, పూర్తయినవాణ్ణి అయిన నన్ను మేడమ్ ఉంచుకుంది. పాత పెద్ద కంప్యూటర్ల పని ఎప్పుడూ ఆగదు. సర్దుబాట్లన్నీ అయ్యాక ఐదుగురు మిగిలారు. పైనుంచి ఇంకొక్క ఉద్యోగానికే అనుమతి వచ్చింది. ఆ ఒక్కరెవరో శుక్రవారం తేల్చాలి. మిగిలిన నలుగురూ ఇంటికి. ఆ ఐదుగురిలో కరీంనగర్ అమ్మాయి ఉంది. వంతులాయన కూడా ఉన్నాడు.

ఎంచుకునే మొదటి వంతు వంతులాయనది.

తన పేరు తాను చెప్పుకుంటే అయిపోతుంది. ఆఫీసంతా అలాగే అనుకుంది. దొర కూడా అది ఆయనకు దక్కాలనే ఆ రూలు పట్టుకుని వేలాడాడని నా అనుమానం. కాని వంతులాయన ఐదుగురి వివరాలూ ముందేసుకుని కూర్చున్నాడు. కళ్ళజోడు సరిచేసుకుంటూ, గీతలు గీసుకుంటూ, కోడెదూడకు పళ్ళెన్ని వచ్చాయో చూసే రైతులా రోజంతా అదే పని.

బుధవారం ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

"మీరు చెప్తే వింటారు అన్నయ్యగారూ. తన పేరు తను చెప్పుకోవడానికి సిగ్గెందుకండీ? పిల్లకు ఈ ఏడే పెద్ద పరీక్ష. ఊరెళ్ళి ఏ బళ్ళో వేస్తాం? దానికి తెలుగు అక్షరం రాదు. నిన్న అడిగితే 'ఇంకా చూస్తున్నా' అంటారు. ఏం చూస్తున్నారండీ? అద్దంలో చూసుకోవచ్చుగా!"

మర్నాడు రైల్లో పక్కన కూర్చుని అడిగాను.

"ఎంతదాకా వచ్చింది?"

"ముగ్గుర్ని తీసేశాను. ఇద్దరు మిగిలారు." గొంతు తగ్గించాడు, పక్కవాళ్ళకు తెలుగు వచ్చినట్టు. "ఒకటి ఆ కరీంనగర్ అమ్మాయి. రెండో అతనున్నాడే, అతనితోనే చిక్కు. అనుభవముంది, కాదనను. కాని వయసు నలభై దాటింది. కొత్త భాషలు నేర్చుకోలేదు. మాట ఎక్కువ. మూడేళ్ళుగా స్వయంగా ఒక్క ప్రోగ్రాం రాయలేదు. రాయగలడో లేదో కూడా అనుమానమే."

"రెండో అతను నువ్వే కదయ్యా!"

"తెలుసు మాస్టారూ. అందుకే అతని గురించి అంత గట్టిగా చెప్పగలుగుతున్నా."

"మీ ఆవిడ ఏడుస్తోంది. పిల్ల పరీక్ష ఉంది. ఆ అమ్మాయి ఒంటరిది, ఎక్కడికైనా పోగలదు. నోరు మూసుకుని నీ పేరు చెప్పుకో."

ఆయన కాసేపు కిటికీలోంచి చూశాడు. మొహం ఒక్క క్షణం వడలిపోయింది. అది ఎప్పుడూ చూడని మొహం, నాకు జాలేసింది. వెంటనే తేరుకున్నాడు.

"అట్టా పెళ్ళాం ఏడ్చిందని, పరీక్షలున్నాయని పిక్ వాడితే ఇంక పిక్ ఎందుకు మాస్టారూ? దొర క్లబ్బోళ్ళు మోకాలాయన్ని తెచ్చుకుంది ఇట్టాంటి మొహమాటాలతోనే."

శుక్రవారం దొర ఎర్రచారల బనీను మడత పెట్టి తెచ్చాడు. చప్పట్లు కొట్టాలో, సంతాపం తెలపాలో తెలియక అందరం చేతులు కట్టుకుని నిలబడ్డాం. దొర బనీను ఆయన చేతికిచ్చి పేరు చెప్పమన్నాడు. ఆయన దాన్ని విప్పి, దులిపి, ఛాతీకి ఆనించుకుని కొలత చూశాడు. వెనక ఎవరో హమ్మయ్య అన్నారు కూడా. ఆయన దాన్ని అలాగే పట్టుకుని వెళ్ళి కరీంనగర్ అమ్మాయి ముందు నిలబడ్డాడు.

ఆ పిల్ల వెనక్కి జరిగింది. "నాకెందుకు సార్? మీరేస్కోవాలె గదా అది."

"నాకు పట్టదమ్మా. చంకల్లో బిగుతు."

"సార్, నేను పోతా సార్. మీకు ఫ్యామిలీ ఉంది…"

"మాట్లాడకు. ఇంత మంచి పిక్ నేను జన్మలో వాడలేదు. పాడుచెయ్యకు."

దొర మూడుసార్లు అడిగాడు, ఇదే నీ నిర్ణయమా అని. మూడుసార్లూ ఆయన ఔననే అన్నాడు. ఆ పిల్ల బనీను తల మీంచి వేసుకుని, లోపలే ఏడ్చి, చాలాసేపటికి మొహం బయటపెట్టింది.

త్యాగం చేశాడని మా గ్రూపులో ఇప్పుడు కొందరు రాస్తున్నారు. నేను ఒప్పుకోను. త్యాగం చేసినవాడు అంత హుషారుగా ఉండడు. ఆ సాయంత్రం రైలు దిగేదాకా ఆయన నాకు ఆ పిల్ల ఎందుకు మేలిరకమో వివరిస్తూనే ఉన్నాడు. అసలు కిందటేడు అందరూ వదిలేయడమే ఆశ్చర్యమట. ఇప్పుడు చవగ్గా వచ్చిందట. ఆ చవకకు తన ఉద్యోగం పోయిందన్న సంగతి బూన్ లే స్టేషను మెట్లు దిగుతుండగా గుర్తొచ్చినట్టుంది. అక్కడ మాత్రం ఆగి, "ఇంట్లో ఎట్టా చెప్పాలి మాస్టారూ?" అన్నాడు. ఆయన ఆ రోజు మా బ్లాకు దాకా నాతో వచ్చి, తర్వాత వాళ్ళ బ్లాకు వైపు నడిచాడు.

విమానం ఎక్కేదాకా ఆయన భార్య ఆయనతో మాట్లాడలేదని మా ఆవిడ చెప్పింది. ఎక్కాక మాట్లాడిందట.

ఆయన విజయవాడలో ఏదో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూటులో చేరాడని తెలిసింది. కొన్ని నెలలకు ఆ కరీంనగర్ అమ్మాయి మా దగ్గర రాజీనామా ఇచ్చి ఒక పెద్ద బ్యాంకులో చేరిపోయింది. జీతం ఎక్కువ. ఎవరైనా అదే చేస్తారు. నాకు మాత్రం ఆ రోజు మనసు కుదురుగా లేదు. ఈ కబురు ఆయనకు నేనే చెప్పాలని, ఆ గొంతు ఎలా మారుతుందో వినాలని అనిపించింది. ఫోన్ కార్డు కొని మరీ విజయవాడకు ఫోను చేశాను.

"ఏమయ్యా, నీ పిక్ ఎగిరిపోయింది. బ్యాంకువాళ్ళు పట్టుకుపోయారు."

"బ్యాంకా?" ఫోను చెవికి దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది. "ఏ బ్యాంకు? పెద్దదేనా? చూశారా మాస్టారూ! చెప్పానా లేదా? ఏమేవ్, ఇట్రా, విన్నావా, ఆ పిల్లని బ్యాంకువాళ్ళు తీసుకున్నారంట!"

అవతల ఆవిడ ఏమందో నాకు వినపడలేదు. కాసేపు గరగరలాడింది లైను. మళ్ళీ ఆయనే వచ్చాడు, ఈసారి నెమ్మదిగా, వ్యవహారం మాట్లాడేవాడి గొంతుతో.

"సరేగాని, బదులేం తీసుకున్నారు?"

"బదులేమిటి? నెల నోటీసిచ్చింది, వెళ్ళింది."

"ఏమీ తీసుకోలేదా? ఒక్క పిక్ కూడా?"

"ఏమీ లేదయ్యా."

కార్డులో నిమిషాలు అయిపోతున్నాయని టింగుమని హెచ్చరిక వినిపించింది. లైను తెగిపోయిందేమో అనుకుంటుండగా ఆయన నిట్టూర్చాడు.

"అదేంటి మాస్టారూ, మనిషిని అట్టా ఊరికే వదులుకుంటారా ఎవరైనా?"